నాలుగు వేళ్ళ సందు

తలుపు పడిన చప్పుడుకి అల్లుడి గుండె గుభేలుమంది. మామగారికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. ఆయన ఇంకా రిమోట్ ట్రిగ్గర్ నొక్కుతూనే ఉన్నారు. "చూశావా దాని దూకుడు! చూశావా!" అని మురిసిపోతూనే ఉన్నారు.

చూడకేం, చూశాడు. కొత్త మోటార్ బిగించిన రిమోట్ ట్రక్కు గది ఆ చివర నుంచి రివ్వున వచ్చి, మలుపు తిరగలేక, తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టిన పాత బ్యాటరీ దిమ్మని గుద్ది మెట్లవైపు ఎగరగొట్టింది. అడ్డం పోయాక ఇనప తలుపు ఊరుకుంటుందా? తన బరువుకి తనే వచ్చి దభీమని పడింది. బయట గడియ టక్కున దిగింది. ట్రక్కేమో వెల్లకిలా పడి గాల్లో చక్రాలు తిప్పుకుంటోంది.

"మామయ్యా, తలుపు పడిపోయింది."

"పడితే తీస్తాం. దానికేముంది?"

"దేంతో తీస్తాం?"

అప్పుడు లేచింది మామగారి వేలు ట్రిగ్గర్ మీద నుంచి.

ఆ తలుపు సంగతి కాస్త చెప్పుకోవాలి, లేకపోతే వీళ్ళిద్దరికీ మతి లేదనుకుంటారు. చెప్పుకున్నాక కూడా అలాగే అనుకుంటారేమో, అది వేరే విషయం. మామగారిది రిమోట్ ట్రక్కుల కొట్టు. వాటిని బొమ్మలంటే ఆయనకి చెడ్డ కోపం. "బొమ్మలు పిల్లలవి, ఇవి బండ్లు" అంటారు. కొట్టు పైన, బండ్లు పరీక్షించే గది మెట్లు దిగితే కింద. ఆ గది తలుపుకి లోపలివైపు పిడి ఉండేది. మొన్నామధ్య మామగారికి ఒక బండికి ఇరుసు కావలసి వచ్చింది. ఊరంతా తిరిగినా ఆ మందం కడ్డీ దొరకలేదు. తలుపు పిడి ఊడదీసి చూస్తే అందులోని కడ్డీ అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఇంకేం, అది ఇరుసైపోయింది. ఆ బండి పందెం గెలిచి, ఇప్పుడు పైన అద్దాల బీరువాలో దర్జాగా కూర్చుంది. "తలుపుకి ఇంకోటి వేయిద్దాంలే" అన్నారు మామగారు. ప్రతి పనీ పరుగు మీద చేసే మనిషికి ఇలాంటి పనులకి మాత్రం తీరిక దొరకదు, అదేం చోద్యమో!

పిడి ఉండే రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పారు. అది వట్టినే గిరగిరా తిరిగింది. పట్టకారు ముక్కు దూర్చి తిప్పారు. పట్టకారు ముక్కు విరిగింది.

"పోనీలే, పైన ఎవరో ఒకరు వస్తారు" అన్నారు మామగారు.

"భోజనాల వేళ కదండీ, షట్టర్ సగం దించి వచ్చాం."

"అయితే ఫోన్ చేద్దాం" అని జేబు తడుముకుని ఆయన ఆగిపోయారు.

ఫోన్లు జేబుల్లో ఎందుకుంటాయి? పరీక్ష గదిలోకి ఫోన్ తీసుకురాకూడదు. అది మామగారి శాసనం. ఫోన్ దగ్గరుంటే రిమోట్ మాట బండికి సరిగా వినపడదట. ఆయన కుర్రతనంలో రేడియోలు అలా ఉండేవేమో గానీ, ఇప్పటి రిమోట్లకి ఫోన్ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. అల్లుడికి ఆ సంగతి తెలుసు. కొట్టుకొచ్చే పిల్లకాయలకి కూడా తెలుసు. కానీ ఆ మాట మామగారితో అనేదెవరు? తలుపు అవతల ఒక స్టూలు, దాని మీద ఒక ట్రే, గదిలోకి వచ్చే ప్రతివాడూ ఫోన్ ఆ ట్రేలో పెట్టి రావాలి. ఇద్దరి ఫోన్లూ బుద్ధిగా అక్కడే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

అల్లుడిది. అందులోనూ భార్యకని విడిగా పెట్టుకున్న పాట. పొద్దున ఆమె వాళ్ళమ్మతో కలిసి ఆసుపత్రికి వెళ్ళింది. నెలలు నిండాయి. ఇవాళ ఊరికే చూపించుకు రావడమే, ఇంకా వారం ఉంటుందన్నారు. తానూ వస్తానని అల్లుడు చెప్పులు కూడా వేసుకున్నాడు. "ఇద్దరు ఆడవాళ్ళు వెళ్తుంటే నువ్వెందుకయ్యా, కొత్త మోటార్ వచ్చింది, ఐదు నిమిషాల పని" అన్నారు మామగారు. చెప్పులు విడిచాడు. గుమ్మంలో భార్య అతని చొక్కా గుండీ పట్టుకుని ఒక్కటే అడిగింది. "ఎప్పుడు పిలిచినా వచ్చేయాలి. నన్ను లోపలికి తీసుకెళ్ళేముందు మీ మొహం చూడాలి నేను. సరేనా?" సరేనన్నాడు.

ఫోన్ మోగి మోగి ఆగింది. వెంటనే మళ్ళీ మొదలైంది.

"ఇంటికి బయల్దేరామని చెప్పడానికయ్యుంటుంది" అన్నారు మామగారు.

"దానికి ఇన్నిసార్లు చెయ్యదు మామయ్యా."

ఇద్దరూ తలుపు బాదారు. గొంతు చించుకుని అరిచారు. పక్క కొట్టు దర్జీ నోట్లో నాలుక లేని మంచివాడే, కానీ అతని మిషన్ల రొదలో పైనున్న మాటే వినపడదు, ఇక పాతాళంలోంచి వీళ్ళ కేకలేం వినపడతాయి? గదికి కిటికీ లేదు. కాలిన మోటార్ల వాసన, రబ్బరు వాసన, ఒక బల్బు. మామూలు రోజుల్లోనే ఊపిరాడదు ఆ గదిలో. తలుపు కింద నాలుగు వేళ్ళు పట్టేంత సందు, అదే గాలి వచ్చే దారి.

అల్లుడు నేలమీద బోర్లా పడుకుని చెంప గచ్చుకి ఆనించి ఆ సందులోంచి చూశాడు. స్టూలు కాళ్ళు కనిపించాయి. చెయ్యి దూరిస్తే మోచేయి దాకా వెళ్ళి ఇరుక్కుంది. స్టూలు అంతకు మూడింతల దూరంలో ఉంది. గదిలో పొడుగాటి కర్ర లేదు, తాడు లేదు, జానెడు మించిన వైరు లేదు. ట్రే అంచు మీద నుంచి మామగారి ఫోన్ చార్జర్ వైరు వేలాడుతోంది. ఆయనది స్ప్రింగులా చుట్టలు తిరిగిన వైరు. ఫోన్ నుంచి కిందికి దిగి, నేలకి కాస్త ఎత్తున ఊయలలా వంగి, మళ్ళీ గోడ సాకెట్లోకి ఎక్కింది.

ఫోన్ మళ్ళీ మోగింది. వినపడుతోంది, అందదు. అంతకన్నా నరకం ఉంటుందా చెప్పండి!

నిజానికి అల్లుడికి ఇరుక్కోవడం కొత్త కాదు. పెళ్ళయినప్పటి నుంచీ ఉంటున్నది మామగారింట్లో, చేస్తున్నది మామగారి కొట్లో, తిరుగుతున్నది మామగారి స్కూటర్ వెనక సీటు మీద. ఆ ఇంట్లో అన్నం కూడా పందెంలా తింటారు. అతను రెండో ముద్ద కలిపేసరికి మామగారు చెయ్యి కడుక్కుని "ఏవయ్యా, ఇంకా కాలేదా?" అంటారు. అత్తగారు ముద్దుగా "మా నత్త" అని పేరు పెట్టింది. ముద్దుగానే అనుకోవాలి మరి. కొట్టుకొచ్చేవాళ్ళు కూడా అదే పేరు అందుకున్నారు. అతనికి ఇష్టం వేగం బండ్లు కాదు, రాళ్ళెక్కే బండ్లు. ఒక్కో రాయీ తడుముకుంటూ, జారకుండా, పాకుతూ పోయేవి. మామగారు వాటిని కన్నెత్తి చూడరు. "నడిచి వెళ్తే ముందు చేరతాం, దానికి మోటార్ ఎందుకు దండగ?" అంటారు. అతను రాత్రీ పగలూ బుర్ర పెట్టి ఏ బండి సరిచేసినా, చివర్లో మామగారు చెయ్యి చాపి "ఇలా ఇవ్వు" అంటారు. రిమోట్ ఇచ్చేస్తాడు. ఎప్పుడూ ఇవ్వనని అనలేదు. అనాలని అనుకున్న రోజులున్నాయి, అవన్నీ నోటిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాయి.

"మామయ్యా, చిన్నది వెళ్తుంది సందులోంచి" అన్నాడు అల్లుడు లేచి కూర్చుని.

చిన్నది అంటే అరచేతి మీద పట్టే ట్రక్కు. పై డొప్ప తీసేస్తే ఆ సందులో దూరుతుంది. ముందుకు వెళ్ళి వైరుని కొక్కెంతో పట్టుకుని వెనక్కి వస్తే, ఫోన్ ట్రేలోంచి జారి కింద రబ్బరు పట్టా మీద పడుతుంది. వైరు తలుపు దాకా వచ్చిందా, ఇక చేత్తో లాక్కోవచ్చు. మామగారి మొహం వెలిగిపోయింది. అల్లుడు పేపర్ క్లిప్పు వంచి కొక్కెం చేసి బండికి బిగించేలోపే ఆయన రిమోట్ చేతిలోకి తీసుకున్నారు.

"దాంట్లో ఉన్నది పందెం మోటార్ మామయ్యా. పది నిమిషాలు ఆగితే మార్చేస్తా..."

"పది నిమిషాలా! నీ పెళ్ళాం అక్కడ ఫోన్ చేస్తుంటే పది నిమిషాలంటావేంటయ్యా? పక్కకి జరుగు."

జరిగాడు. మామగారు బోర్లా పడుకుని ట్రిగ్గర్ నొక్కారు. బండి సందులోంచి తుపాకి గుండులా వెళ్ళి స్టూలు కాలికి కొట్టుకుంది. స్టూలు కదిలింది, ట్రే కదిలింది. మామగారు వెనక్కి తెచ్చారు, మళ్ళీ పంపారు. ఎలాగో కొక్కెం వైరుకి తగిలింది. తగలగానే ఆయన ఒక్క గుంజు గుంజారు. చక్రాలు రబ్బరు పట్టా మీద జర్రున తిరిగాయి, వైరు సాగింది, కొక్కెం జారి బండి పల్టీ కొట్టి అదృష్టంకొద్దీ మళ్ళీ చక్రాల మీదే నిలబడింది. దాని మీద ఎర్ర లైటు టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఏమైంది దీనికి? కదలదేం?"

"కంట్రోలర్ వేడెక్కింది. చల్లారేదాకా అది ఎవరి మాటా వినదు."

బండిలో బ్యాటరీకీ మోటార్‌కీ మధ్యన కూర్చుని ఎంత కరెంటు వదలాలో చూసుకునేది స్పీడ్ కంట్రోలర్. మోటార్ మరీ ఆకలిగొట్టుదైతే దాని వల్ల కాదు, కాళ్ళు చాచేస్తుంది. పందెం మోటార్లో తీగ చుట్లు తక్కువ. పిచ్చిగా తిరుగుతుంది, పిచ్చిగా తాగుతుంది, బరువు లాగమంటే గింజుకుంటుంది. కొట్టుకొచ్చే ప్రతివాడికీ అల్లుడు ఇదే చెబుతాడు. వాళ్ళు తలూపి, మామగారి దగ్గరికెళ్ళి పందెం మోటారే కొనుక్కుని వెళ్తారు.

ఫోన్ మోగింది. ఈసారి సగంలోనే ఆగిపోయింది. సగంలో ఎందుకు ఆగినట్టు?

కంట్రోలర్ చల్లారాక బండి ఎలాగో వెనక్కి వచ్చింది. అల్లుడు మాట్లాడకుండా దాన్ని బల్ల మీద పెట్టి పందెం మోటార్ ఊడదీసి, చుట్లు ఎక్కువున్న మొద్దు మోటార్ తెచ్చి బిగించాడు.

"ఇంకా పినియన్ కూడా మార్చాలి" అన్నాడు. పినియన్ అంటే మోటార్ కడ్డీకి ఉండే పళ్ళచక్రం. అది ఎంత చిన్నదైతే బండి అంత మెల్లగా, అంత బలంగా లాగుతుంది.

"మోటార్ మార్చావుగా, చాలు! ఇలా ఇవ్వు."

ఇచ్చాడు. ఇవ్వడం చేతికి అలవాటైపోయింది, అతన్ని అడక్కుండానే ఇచ్చేసింది.

ఈసారి బండి కాస్త మర్యాదగానే వెళ్ళింది. కొక్కెం తగిలింది. వైరు మెల్లగా సాగింది. ట్రేలో ఫోన్ గరగరమని జరిగిన చప్పుడు ఇద్దరికీ వినపడింది. "వచ్చేసింది, వచ్చేసింది!" అన్నారు మామగారు. అంతలో బండి ఆగిపోయింది. ఎంత నొక్కినా మూలుగే తప్ప కదలిక లేదు. పెద్ద పినియన్‌తో ఆ మోటార్‌కి అంతకన్నా చేవ లేదు. మామగారు విసుగ్గా ట్రిగ్గర్ వదిలారు. స్ప్రింగు వైరు ఊరుకుంటుందా? బండిని పట్టుకుని స్టూలు కిందికి ఈడ్చుకుపోయింది. సాగిన వైరు ఫోన్ లోంచి సగం ఊడిందో ఏమో, చార్జింగ్ పోయిందని అది ఒకసారి కుయ్యిమంది. పూర్తిగా ఊడితే ఇక ఆశ లేదు. ఈ దారీ మూసుకుపోయినట్టే.

మామగారు లేచి కూర్చున్నారు. చెంపకి దుమ్ము అంటుకుంది. "దరిద్రపు గది" అన్నారు. రిమోట్ పక్కన పెట్టేశారు. ఆయన ఊరికే కూర్చోవడం అల్లుడు ఎన్నడూ చూడలేదు. చూస్తుంటే భయమేసింది.

పాట మళ్ళీ మొదలైంది. అల్లుడు రిమోట్ అందుకుని, నేలమీద పడుకుని సందులోంచి చూస్తూ, బండిని మెల్లగా ముందుకీ వెనక్కీ కదిపి కొక్కెం విడిపించుకుని, వెనక్కి రప్పించుకున్నాడు. బల్ల ముందు కూర్చుని అలెన్ కీ తీసి పినియన్ మర విప్పడం మొదలుపెట్టాడు.

"మళ్ళీ విప్పుతున్నావా? అక్కడ ఫోన్ మోగుతోందయ్యా!"

"వినపడుతోంది."

"వినపడుతోందట! నత్తా అని ఊరికే అన్నారా నిన్ను! ఉన్నదాంతో ఇంకోసారి గట్టిగా లాగుదాం. ఇలా ఇవ్వు."

చెయ్యి చాపారు. పాట మోగుతూనే ఉంది. దాని వెనక ఆమె ఎలా ఉందో, ఎవరు పట్టుకుని ఉన్నారో, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఎందుకు ఎత్తడం లేదనుకుంటోందో. ఏడుపు వచ్చింది. కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళదీ ఒక్కసారే వచ్చింది.

"ఇవ్వను" అన్నాడు.

"ఏంటీ?"

"ఇవ్వను మామయ్యా. ఇంకొక్క గుంజు గుంజితే వైరు ఊడిపోతుంది. ఇక్కడే కూర్చుంటాం ఇద్దరం. మీరు ఆ గోడ దగ్గర కూర్చోండి. దయచేసి కూర్చోండి."

మామగారు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. వెళ్ళి గోడ దగ్గర కూర్చున్నారు. ఎవరైనా చెబితే ఆయన కూర్చోవడం ఆ గది ఎన్నడూ చూసి ఉండదు.

అల్లుడు పెద్ద పినియన్ తీసి పెట్టెలోకెల్లా చిన్నది ఎక్కించాడు. చిన్నది పెట్టాక మోటార్‌ని, బండి చక్రాలని తిప్పే పెద్ద పళ్ళచక్రానికి దగ్గరగా జరపాలి. మరీ దగ్గరైతే పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, దూరమైతే జారిపోతాయి. ఆ పని చేసేవాళ్ళంతా రెండు పళ్ళచక్రాల మధ్య ఒక కాగితం ముక్క పెట్టి, నొక్కి, మోటార్ బిగించి, ఆ తర్వాత కాగితం లాగేస్తారు. కాగితం మందం ఎంతో అంత సందు ఉంటే చాలు. గదిలో కాగితం లేదు. మోటార్ డబ్బా మీద అంటించిన చీటీ గోటితో గీకి ఊడదీశాడు. ఫోన్ ఆగింది. మళ్ళీ మోగింది. అతను చీటీ లాగేసి చక్రం వేలితో తిప్పి చూశాడు. మెత్తగా తిరిగింది.

ఇంకొకటి ఉంది. కంట్రోలర్ మీద జంపర్ అని చిన్న ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. దాన్ని తీసి పక్క పిన్నుకి పెడితే, వేలు వదలగానే బండి జారకుండా అక్కడే బిగుసుకుని నిలబడుతుంది. రాళ్ళెక్కే బండ్లకి అలా పెడతారు. పందెం బండ్లకి పెట్టరు, మామగారికి బ్రేకంటేనే పడదు. అల్లుడు జంపర్ మార్చాడు. ఆ టోపీ వేళ్ళలోంచి జారి బల్ల కింద పడితే మామగారే వంగి వెతికి తీసి అందించారు.

బోర్లా పడుకుని బండి వదిలాడు. అది పాకింది. ఎంత మెల్లగా పాకిందంటే, దాన్ని చూస్తుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. స్టూలు దాకా వెళ్ళింది. వైరు కిందికి దూరింది. అతను బండిని వెనక్కి కదిపాడు. కొక్కెం పట్టుకుంది. బండి వైరు సాగదీస్తూ వెనక్కి వచ్చింది. కాస్త లాగి ఆపాడు. బండి జారలేదు. వైరు ఎంత గింజుకున్నా జారలేదు. ఇంకాస్త లాగాడు. ఆపాడు. ట్రేలో గరగర. ఇంకాస్త. వెనక నుంచి మామగారి ఊపిరి వినిపిస్తోంది. ఆయన ఊపిరి కూడా ఆగి ఆగి వస్తోంది.

ఫోన్ దబ్బున పట్టా మీద పడింది. వైరు ఊడలేదు. బండి దాన్ని తీసుకుని తలుపు దాకా వచ్చేసింది. అల్లుడు వైరు పట్టుకుని చేతులతో మెల్లగా, చాలా మెల్లగా, ఫోన్‌ని సందులోంచి లోపలికి లాగాడు.

మామగారి ఫోన్. అద్దం బీటలు వారింది కానీ వెలుగుతోంది. దాని మీద మిస్డ్ కాల్ ఒక్కటీ లేదు. బయట అల్లుడి ఫోన్ మాత్రం మళ్ళీ మోగుతోంది.

మామగారు ఆ అద్దం వైపే చూశారు. "నాకు చెయ్యలేదేం?" అన్నారు.

గది లోపల సిగ్నల్ లేదు. తలుపు సందు దగ్గర పెడితే ఒక గీత వచ్చింది. అల్లుడు అక్కడే పడుకుని భార్యకి చేశాడు. మోటార్ల రొదకి చెవులు మందగించిన మామగారి ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది.

"నాన్నా!" అంది ఆమె. గొంతు ఆమెది కాదన్నట్టుంది. "ఆయన ఫోన్ ఎత్తడం లేదు నాన్నా. నొప్పులు మొదలయ్యాయి. ఎక్కడున్నారాయన? పంపించు, తొందరగా పంపించు. నువ్వు మాత్రం రాకు నాన్నా. నీకు చెయ్యొద్దని అమ్మకి కూడా చెప్పాను. నువ్వొస్తే నన్నూ, డాక్టర్నీ, అందర్నీ పరుగులు పెట్టిస్తావు. నాకిప్పుడు చేతకాదు. నాకు భయంగా ఉంది. ఆయన పక్కన కూర్చుంటే చాలు."

"నేనే" అన్నాడు అల్లుడు. "నేనే మాట్లాడుతున్నా. వస్తున్నాను. వచ్చేస్తున్నాను."

ఫోన్ కట్టయింది. అతను వెనక్కి తిరిగి చూడలేదు. చూడటానికి ధైర్యం చాలలేదు. దర్జీకి ఫోన్ చేశాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించేదాకా ఫోన్ పట్టుకుని ఆ సందు దగ్గరే పడుకున్నాడు.

దర్జీ మెడలో కొలత టేపుతోనే వచ్చి గడియ తీశాడు. "ఇద్దరూ బయట గడియ పెట్టుకుని లోపల కూర్చున్నారేంటండీ?" అన్నాడు. మామగారు జేబులోంచి స్కూటర్ తాళం తీసి అల్లుడి చేతిలో పెట్టారు. ఆయన చేతి మీద మోటార్ గ్రీజు మరక ఉంది, అది తాళానికీ అంటింది. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయారు. తలుపు మళ్ళీ పడకుండా భుజం ఆనించి నిలబడ్డారు.

అల్లుడు సమయానికే చేరాడు. ఇంకా లోపలికి తీసుకెళ్ళలేదు. భార్య అతని మొహం చూసింది, చెంప మీది దుమ్ము చూసింది. చెయ్యి పట్టుకుంది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి నలిపేసింది. పోయినప్పుడల్లా వదలకుండా పట్టుకునే ఉంది. అత్తగారు మాత్రం, "మా నత్త వచ్చాడమ్మా, ఇక నేను కాస్త కూర్చుంటా" అని బెంచీ మీద కూలబడింది. సాయంత్రం అవుతోంది. నర్సు వచ్చి చూసి, ఇంకాసేపట్లో తీసుకెళ్తామంది.

"నాన్న ఏడీ?" అంది భార్య.

"నువ్వు రావద్దన్నావుగా."

"ఫోన్‌లో ఉన్నది మీరే కదా?"

"నాన్నా అని పిలిచే అన్నావు. స్పీకర్ మీద ఉంది. పక్కనే ఉన్నారు."

ఆమె కళ్ళు మూసుకుంది. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. "ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదా? మా నాన్నా?" అని ఏడుస్తూనే నవ్వింది. అంతలో నొప్పి వచ్చి అతని చెయ్యి నలిపేసింది. అది పోయాక అంది, "ఫోన్ చెయ్యండి. రమ్మనండి. నేను లోపలికెళ్ళేలోపు రమ్మనండి. పరుగెత్తుకుంటూ వద్దు, నడిచి రమ్మనండి."

అల్లుడు వరండాలోకి వచ్చి ఫోన్ చేశాడు. ఆయన మళ్ళీ గదిలోకి వెళ్ళి ఉంటారని, ఫోన్ ఆ ట్రేలోనే మోగి మోగి ఆగుతుందని భయపడ్డాడు. ఒక్క రింగు కూడా పూర్తి కాలేదు.

"చెప్పు" అన్నారు మామగారు.

"ఎక్కడున్నారు మామయ్యా?"

"ఆసుపత్రి గేటు బయట. టీ బడ్డీ పక్కన."

"ఎప్పుడొచ్చారు?"

"చాలాసేపయింది. నడిచే వచ్చాలే." వెనక బండ్ల హారన్లు వినపడ్డాయి. తర్వాత అల్లుడు ఆ మనిషి నోట ఎన్నడూ వినని గొంతుతో అడిగారు, "లోపలికి రావచ్చా అయ్యా?"